చూపించని ఫొటోలు

ముందు నా ఉద్యోగం ఏమిటో చెబితే గానీ ఈ కథ మొదలవదు. ఫోన్లో గ్యాలరీ తెరిచి వేలితో పైకి తోస్తుంటే చిన్న చిన్న బొమ్మలు జారుకుంటూ వస్తాయి కదా, అవి ఆగకుండా, తడబడకుండా వచ్చేలా చూడటం నా పని. బొమ్మ వచ్చేలోపు బూడిదరంగు గడి కనబడిందంటే అది బగ్గు. "రెండొందల మిల్లీసెకన్లు దాటితే యూజర్ వెళ్ళిపోతాడు" అని మా మేనేజరు రోజూ పొద్దున్నే స్టాండప్ మీటింగులో సుప్రభాతంలా వినిపిస్తాడు. నేనూ భక్తిగా వింటాను. ఇన్నేళ్ళలో ఏ ఫొటోలో ఏముందో నేనెప్పుడూ అడగలేదు. నా లెక్కలో ఫొటో అంటే ఇన్ని కిలోబైట్లు, అంతే.

అలాంటివాణ్ణి ఒక ఆర్టిస్టు గురించి రాయడానికి కూర్చోవడం నాకే నవ్వొస్తోంది. మోడ్రన్ ఆర్ట్ అనగానే "ఇది మా మూడేళ్ళ మేనల్లుడు కూడా గీస్తాడు" అనే బ్యాచి నాది. ఇప్పటికీ సగం అదే బ్యాచి :)

2018లో క్లయింటు పని మీద చిలీ రాజధాని శాంతియాగో వెళ్ళాల్సొచ్చింది. మూడు వారాలు. ఒక ఆదివారం ఏం తోచక, అక్కడి కొలీగ్‌ని ఊళ్ళో చూడాల్సినవేంటని అడిగాను. కొండెక్కే రైలూ అదీ చెప్పి, చివర్లో కాస్త ఆగి, "జ్ఞాపకాల మ్యూజియం ఉంది. వెళ్ళు. మా అమ్మ మాత్రం ఇంతవరకూ అందులో అడుగు పెట్టలేదు" అన్నాడు. ఎందుకని నేనడగలేదు, అతను చెప్పలేదు.

మెట్రోలో కింతా నోర్మల్ స్టేషన్లో దిగితే పక్కనే ఉంటుంది. పూర్తి పేరు 'జ్ఞాపకాల, మానవ హక్కుల మ్యూజియం'. 1973 సెప్టెంబరు 11న సైన్యం తిరగబడి అయెందే ప్రభుత్వాన్ని కూల్చేసింది. అక్కణ్ణుంచి 1990 దాకా పినోచె నియంతృత్వం. ఆ పదిహేడేళ్ళలో చంపబడ్డవాళ్ళు, మాయమైపోయినవాళ్ళు, చిత్రహింసలు పడ్డవాళ్ళ కోసం 2010లో కట్టారు. లోపల చూసినవి ఇక్కడ చెప్పను. బయటికి వచ్చాక ఆవరణలో నేలలోకి దిగే మెట్లు కనబడ్డాయి. ఏదో స్టోర్ రూమేమో అనుకున్నాను. ఒకమ్మాయి కొద్దిమందిని మాత్రమే లోపలికి పంపించి తలుపు మూసేసింది.

చీకటి. మామూలు చీకటి కాదు, మన చెయ్యి మనకే కనబడనంత. పక్కనెవరో గట్టిగా ఊపిరి పీలుస్తున్నారు. జేబులో ఫోన్ తియ్యబోయి సిగ్గేసి ఆగిపోయాను. కాసేపటికి ఎదురు గోడ మెల్లగా వెలగడం మొదలైంది. గోడ నిండా మనుషుల తలల ఆకారాలు. కళ్ళూ ముక్కూ ఏమీ లేవు, ఉత్త అంచులే. రెండు పక్కలా అద్దాలుండటంతో అవి అటూ ఇటూ అంతులేకుండా సాగిపోతున్నాయి. వెలుగు పెరిగి పెరిగి, భరించలేం అనిపించేసరికి ఠక్కున ఆరిపోయింది. మళ్ళీ చీకటే గానీ ఆ ఆకారాలు నా కళ్ళలోనే ఉండిపోయాయి. ఫ్లాష్ కొట్టాక కంట్లో మరక మిగులుతుందే, అలా. అంతా కలిపి మూడు నిమిషాలు ఉంటుందేమో.

ఆ పని పేరు 'మనస్సాక్షి జ్యామితి' (2010). చేసింది ఆల్ఫ్రెడో జార్. ఆ ఆకారాల్లో సగం నియంతృత్వంలో బలైనవాళ్ళవి, మిగతా సగం ఇప్పుడు బతికున్న మామూలు చిలీ జనాలవని తర్వాత తెలిసింది. చూసేవాడికి ఎవరు ఎవరో తెలియదు. తెలియకూడదనే అలా పెట్టాడు.

ఆ రాత్రి హోటల్లో మొదలుపెట్టి వారం రోజులు ఈయన గురించే చదివాను. మామూలుగా కొత్త ఫ్రేమ్‌వర్క్ వస్తే కూడా అంత చదవను.

ఈయన 1956లో శాంతియాగోలో పుట్టాడు. చిన్నతనం చాలా భాగం కరీబియన్ దీవి మార్తినీక్‌లో గడిచింది. తిరిగొచ్చిన కొద్దికాలానికే సైనిక తిరుగుబాటు. చదివింది ఆర్ట్ కాదు, ఆర్కిటెక్చరూ, సినిమా తీయడమూ. ఇప్పటికీ తనని తాను ఆర్ట్ చేసే ఆర్కిటెక్టుగానే చెప్పుకుంటాడు. ఇది నాకు బాగా నచ్చింది. చదివిందొకటి చేసేదొకటి అనే మన జాతే కదా (మెకానికల్ చదివి జావా రాస్తున్నవాళ్ళు చేతులెత్తండి).

1979 నుంచి 1981 దాకా శాంతియాగో వీధుల్లో ఈయన చేసిన పని ఒక ప్రశ్న అడగడం. "మీరు సంతోషంగా ఉన్నారా?" దారినపోయేవాళ్ళని అడిగాడు, హోర్డింగుల మీద రాయించాడు. ఎన్నికలు లేని, నోరెత్తితే మనిషి మాయమయ్యే దేశంలో ఆ ప్రశ్న అడిగి, జవాబులు లెక్కపెట్టడం. సెన్సారు వాడు అందులో ఏ మాటని కొట్టేస్తాడు చెప్పండి? ఒక్క చెడ్డ మాట లేదు.

1982లో న్యూయార్క్ వచ్చాడు. బతుకుతెరువుకి ఆర్కిటెక్చర్ ఉద్యోగం. 1985లో బ్రెజిల్లోని సెర్రా పెలాదా బంగారు గనికి వెళ్ళాడు. వేలకి వేలమంది మనుషులు బురద మూటలు వీపున వేసుకుని నిచ్చెనలెక్కే గని. ఫొటోలు తీసుకొచ్చి ఏం చేశాడంటే, 1986లో న్యూయార్క్ సబ్‌వే స్ప్రింగ్ స్ట్రీట్ స్టేషన్లో ప్రకటనల జాగాలు అద్దెకి తీసుకుని ఆ బొమ్మలు పెట్టాడు. మధ్యమధ్యలో ప్రపంచ మార్కెట్లలో ఆరోజు బంగారం ధరలు. అంతే, ఇంకో ముక్క వ్యాఖ్యానం లేదు. వాల్ స్ట్రీట్‌కి ఉద్యోగాలకెళ్ళేవాళ్ళు రోజూ ఎక్కే లైను అది. అదే ఏడు ఆ గని ఫొటోలతో వెనిస్ బియనాలేకి కూడా వెళ్ళాడు.

1987లో టైమ్స్ స్క్వేర్‌లో ఎలక్ట్రానిక్ బోర్డు మీద, ప్రకటనల మధ్యలో, నలభై చిల్లర సెకన్ల యానిమేషన్ ఒకటి వేశాడు. అమెరికా సంయుక్త రాష్ట్రాల పటం వేసి, దాని మీద "ఇది అమెరికా కాదు" అని. అమెరికా అంటే ఒక దేశం కాదు, రెండు ఖండాలు అని చెప్పడం. చిలీవాడికి కాలే విషయం అది. మనకేమో వీసా దొరికినరోజు నుంచీ అమెరికా అంటే ఒకటే. 2014లో ఆ యానిమేషన్ని మళ్ళీ అదే టైమ్స్ స్క్వేర్‌లో వేశారు.

ఇంతవరకూ తెలివైన పనులు అనిపిస్తాయి. ఆ తర్వాతది వేరే.

1994 ఏప్రిల్ నుంచి జులై దాకా, దాదాపు వంద రోజుల్లో, రువాండాలో ఎనిమిది లక్షల మంది దాకా చచ్చిపోయారు. ఎక్కువమంది టుట్సీలు, చంపింది చాలాచోట్ల ఇరుగుపొరుగులే. జార్ ఆగస్టులో అక్కడికి వెళ్ళాడు. వేల ఫొటోలు తీశాడు. తిరిగొచ్చాక వాటిని చూపించలేకపోయాడు. అప్పటిదాకా ఫొటోలే ఆయన సరుకు, ఇప్పుడు ఆ సరుకు పనికిరావట్లేదు.

మొదట చేసింది మన డిబగ్గింగ్ లాంటిది. ఆ మారణకాండ జరుగుతున్నన్నాళ్ళూ న్యూస్‌వీక్ పత్రిక ముఖచిత్రాల మీద ఏం వచ్చిందో పదిహేడు కవర్లు వరసగా పెట్టాడు. ఒక వారం కర్ట్ కొబేన్ ఆత్మహత్య, ఇంకో వారం ఓ.జె. సింప్సన్. ప్రతి కవరు కిందా ఆ వారం రువాండాలో ఏం జరిగిందో రాశాడు. రువాండా కవరు మీదకి ఎక్కింది ఆగస్టు 1న. అప్పటికి అంతా అయిపోయింది. లాగ్ ఫైలూ, టైమ్‌స్టాంపులూ పక్కపక్కన పెట్టి చూపించినట్టు.

1995లో షికాగోలో 'నిజమైన చిత్రాలు' అని ప్రదర్శన పెట్టాడు. జనం వెళ్ళి చూస్తే ఒక్క ఫొటో లేదు. మసక వెలుతురులో నల్లగుడ్డ అంటించిన పెట్టెలు, వందల కొద్దీ, సమాధుల్లా పేర్చి ఉన్నాయి. ఒక్కో పెట్టెలో ఒక్కో ఫొటో. మూత మీద లోపలి బొమ్మలో ఏముందో, ఎవరున్నారో, ఎక్కడ, ఎప్పుడు తీశాడో అక్షరాల్లో. పెట్టె తెరవకూడదు. చదువుకోవాల్సిందే.

1996లో చేసినది గుతేతే ఎమెరితా అనే ఆవిడ గురించి. న్తారామా చర్చిలో ఆదివారం ప్రార్థన వేళ ఆవిడ కళ్ళ ముందే భర్తనీ ఇద్దరు కొడుకుల్నీ నరికేశారు. కూతురితో తప్పించుకుని వారాల తరబడి చిత్తడి నేలలో దాక్కుంది. జార్ దీన్ని వెలిగే పెట్టెల మీద ముందు అక్షరాల్లో చెబుతాడు. మొదటి భాగం 45 సెకన్లు, రెండోది 30, మూడోది 15. ఆ తర్వాత ఆవిడ కళ్ళు, రెండు కళ్ళే, సెకనులో ఒక వంతు మెరిసి మాయమవుతాయి. మళ్ళీ మొదటికి.

నలభై అయిదు సెకన్లు! మా ఆఫీసులో ఇది సెవెరిటీ వన్ బగ్గు. రాత్రి రెండింటికి ఫోన్ చేసి లేపుతారు.

రువాండా మీదే ఆయన 2000 దాకా పనిచేశాడు. ఆరేళ్ళు, ఒకదాని తర్వాత ఒకటిగా ఇరవైకి పైగా పనులు. చివరికి అవన్నీ విఫలమయ్యాయనే చెప్పుకున్నాడు. మనం ఆరు నెలల ప్రాజెక్టుకి అప్రైజల్లో ఎన్ని విశేషణాలు రాసుకుంటామో గుర్తొచ్చి కాస్త ఇబ్బందిగా అనిపించింది.

ఇంకొక్కటి చెప్పి నా గోలకి వస్తాను, ఎందుకంటే ఇది మన ఫీల్డుదే. 2002లో 'చిత్రాల విలాపం'. మూడు చిన్న వ్యాసాలు, వెలిగే అక్షరాల్లో. ఒకటి రాబెన్ దీవిలో సున్నపురాయి క్వారీలో ఎండకి కళ్ళు దెబ్బతిన్న మండేలా గురించి. రెండోది బిల్ గేట్స్ గురించి. ఆయన సంస్థ కార్బిస్ 1995లో బెట్‌మన్ ఆర్కైవ్ కొనేసింది, కోటికి పైగా పాత ఫొటోలు. వాటిని తీసుకెళ్ళి పెన్సిల్వేనియాలో ఒక పాత సున్నపురాయి గనిలో భూమి కింద భద్రపరిచారు. (2016లో కార్బిస్ ఫొటోల వ్యాపారం ఒక చైనా కంపెనీకి అమ్ముడుపోయింది. అది వేరే కథ.) మూడోది 2001 అక్టోబరులో అఫ్ఘనిస్తాన్ యుద్ధం మొదలైనప్పుడు అక్కడి ఉపగ్రహ చిత్రాల హక్కులన్నీ అమెరికా రక్షణ శాఖ డబ్బు పెట్టి కొనేసిన వైనం. ఇవి చదివి లోపలి గదిలోకి వెళ్తే అక్కడ పెద్ద తెర, కళ్ళు బైర్లు కమ్మే తెల్లటి వెలుగు. బొమ్మేమీ లేదు.

బొమ్మలు ఎక్కువైపోయాయని నేననుకునేవాణ్ణి. అవి ఎవరి చేతిలో ఉన్నాయి, ఎవరు దాచారు, ఎవరు తోస్తున్నారు అన్నది ఆలోచించలేదు. ఆలోచించకుండానే తోసే యంత్రానికి నూనె పోస్తున్నాను.

ఆ తర్వాత ఇండియా తిరిగొచ్చి, మామూలుగా ఇదంతా మర్చిపోయాను. నిజం. స్ప్రింటులూ, రిలీజులూ, ఈఎమ్మైలూ.

2021 మేలో నాన్న పోయారు, కాకినాడలో, కరోనా రెండో వేవులో. నాకు హైదరాబాదులో పాజిటివ్. చెల్లి న్యూజెర్సీలో. ఇద్దరం వెళ్ళలేకపోయాం. ఐసీయూలోకి ఎవర్నీ రానివ్వట్లేదు. బాబాయి బతిమాలితే వార్డులో పనిచేసే కుర్రాడు ఒక ఫొటో తీసి పంపాడు. బాబాయి దాన్ని మా చుట్టాల వాట్సప్ గ్రూపులో పెట్టి "అందరూ ప్రార్థించండి" అని రాశారు. ఆయన తప్పు లేదు. ఆ టైములో ఎవరైనా అదే చేస్తారు.

అక్కణ్ణుంచి అది ఎటు పోయిందో తెలీదు. కులం గ్రూపు, రిటైర్డు ఉద్యోగుల గ్రూపు, ఎక్కడెక్కడికో. నాకు మూడు వేర్వేరు చోట్ల నుంచి తిరిగొచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు దాని చుట్టూ పూలదండ ఫ్రేము ఉంది. కింద "ఓం శాంతి". అప్పటికి నాన్న బతికే ఉన్నారు. ఇంకో రెండు రోజులు బతికారు.

అమ్మ ఆ ఫొటోని పక్కింటావిడ ఫోన్లో చూసింది. నాకు ఫోన్ చేసి ఏడవలేదు. "ఒరేయ్, ఆయన అలా ఉండర్రా" అంది. అదే మాట రెండుసార్లు అని పెట్టేసింది.

ఏడాది తిరిగాక ఇంకోటి జరిగింది. ఒక పొద్దున్న ఫోన్ నాకు "ఈ రోజు మీ జ్ఞాపకాలు" అని నోటిఫికేషన్ ఇచ్చింది. నొక్కితే వెనక పియానో సంగీతం, మా అబ్బాయి ఆన్‌లైన్ క్లాసు ఫొటో, నేను చేసిన వంకాయ కూర ఫొటో, తర్వాత నాన్న. ట్యూబులతో. మెల్లగా జూమ్ అవుతూ. ఎంత త్వరగా లోడ్ అయిందో! ఒక్క బూడిదరంగు గడి కూడా కనబడలేదు. నేను పనిచేసే టీము సరిగ్గా ఇలాంటి ఫీచరుకే బొమ్మలు అందిస్తుంది. బగ్గు ఎవరి మీద ఫైల్ చెయ్యను?

అప్పుడు గుర్తొచ్చాయి ఆ నల్లపెట్టెలు.

ఆ ఆదివారం ఫొటోని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఫోన్లో, క్లౌడులో, అన్నిచోట్లా చెరిపేశాను. పెన్‌డ్రైవుని ఒక కవర్లో పెట్టి, కవరు మీద లోపల ఏముందో రాయడం మొదలుపెట్టాను. అయిదు నిమిషాల పని అనుకున్నాను, మూడు రోజులు పట్టింది. ఎందుకంటే రాయాలంటే చూడాలి. నేను ఏడాదిపాటు ఆ ఫొటోని తప్పించుకున్నానే గానీ నిజంగా చూడలేదు. మంచం, ట్యూబు, అంతే తెలుసు నాకు.

రాసింది అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, "కుడి మణికట్టు దగ్గర తెల్లగా ఉంటుంది చూడు. తాయెత్తు తీసేసుంటారు. ముప్ఫై ఏళ్ళు కట్టుకున్నారు, ఆ మేర ఎండ తగల్లేదు" అంది. ఉంది. ఆవిడ పక్కింటి ఫోన్లో ఒక్కసారి చూసిన ఫొటో అది.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది గానీ నిజాయితీ కాదు. చెల్లికి ఈ పెట్టె సంగతి చెబితే మండిపడింది. "నువ్వెవరు అన్నయ్యా దాచడానికి? నేను చివరిచూపు చూళ్ళేదు. నాకున్నది ఆ ఒక్క ఫొటోనే. గ్రూపులో నుంచి కూడా నీ మాట విని తీసేయించాను" అంది. నేను జార్ గురించి లెక్చరు మొదలెట్టాను. అది ఊరుకుంటుందా! 1955లో షికాగోలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లపిల్లాణ్ణి మిసిసిపీలో చంపేస్తే, వాళ్ళమ్మ శవపేటిక మూత వెయ్యనివ్వకుండా, నా కొడుకుని ఏం చేశారో లోకం చూడాలని పట్టుబట్టింది, ఆ ఫొటో పత్రికల్లో వచ్చాకే దేశం కదిలింది, మర్చిపోయావా అంది. భోపాల్లో 1984లో మట్టిలో పూడ్చేస్తున్న పసిబిడ్డ ఫొటో లేకపోతే నీకు భోపాల్ గుర్తుండేదా అంది. 2021లో చితుల ఫొటోలు రాకపోతే అంతా బాగానే ఉందని నమ్మించేవాళ్ళు కదా అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు.

కానీ ఆలోచిస్తే, జార్ కూడా ఫొటోలు చూపించొద్దని అనలేదు. 2006లో ఆయన చేసిన 'నిశ్శబ్దం చప్పుడు' కెవిన్ కార్టర్ గురించి. 1993లో సూడాన్లో ఆకలితో కుంగిపోయిన పసిబిడ్డ, వెనక కాచుకున్న రాబందు, ఆ ఫొటో తీసినాయన. 1994లో పులిట్జర్ వచ్చింది, అదే ఏడు జులైలో ఆత్మహత్య చేసుకున్నాడు. జార్ ఒక గది కట్టి, ఎనిమిది నిమిషాలు అతని జీవితం అక్షరాల్లో చదివించి, మధ్యలో ఒక్కసారి ఆ ఫొటో చూపిస్తాడు. దాచలేదు. ఊరికే ఇవ్వలేదు, అంతే. ముందు కాస్త సమయం అడిగాడు. ఆర్కిటెక్టు కదా, ఫొటోకి ఒక ఇల్లు కట్టి, గుమ్మం పెట్టాడు. మేం చేసేది ఆ గుమ్మాన్ని పగలగొట్టే పని.

చెల్లికి కవరు మీద రాసింది ముందు పంపాను. చదివాక ఇంకా కావాలంటే ఫొటో పంపుతానన్నాను. తిట్టుకుంటూనే ఒప్పుకుంది. రెండు రోజులు ఏ మెసేజీ లేదు. మూడోరోజు "పంపు" అంది. పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది: "అమ్మ చెప్పిన గుర్తు కనబడింది."

జార్ ఆ తర్వాత కూడా ఆగలేదు. 2012లో మొదటి కొచ్చి బియనాలేకి వచ్చి కాళిదాసు మేఘదూతం ఆధారంగా ఒక పని చేశాడు. 2018లో హిరోషిమా ఆర్ట్ ప్రైజ్, 2020లో ఫొటోగ్రఫీకి హాసెల్‌బ్లాడ్ అవార్డు. ఫొటోల్ని నల్లపెట్టెల్లో పెట్టి మూసేసినాయనకి ఫొటోగ్రఫీలో అంత పెద్ద అవార్డు ఇవ్వడం చూసి నవ్వుకున్నాను.

నేను ఉద్యోగం మానెయ్యలేదు. ఈఎమ్మైలున్నాయి. కానీ ఆమధ్య ఒక డిజైన్ రివ్యూలో, జ్ఞాపకాల ఫీచర్లో ఆసుపత్రి ఫొటోల్లాంటివి వస్తే చూపించే ముందు యూజర్ని ఒక మాట అడుగుదాం అన్నాను. "ఇంకో క్లిక్కా? ఎంగేజ్‌మెంట్ పడిపోతుంది" అన్నారు. బ్యాక్‌లాగ్‌లో పెట్టారు. ఇంకా అక్కడే ఉంది. ప్రతి స్ప్రింటులో పైకి లాగుతాను, వాళ్ళు కిందకి తోస్తారు.

ఫొటో ఇక్కడ పెట్టట్లేదు. కవరు మీద ఉన్నది ఇది:

"మే 2021, కాకినాడ. మా నాన్న, 71 ఏళ్ళు, రిటైర్డు లెక్కల మాస్టారు. మంచం మీద వెల్లకిలా ఉన్నారు. నోట్లో ట్యూబు, కళ్ళు మూసి ఉన్నాయి. కళ్ళజోడు లేదు. ఆకుపచ్చ దుప్పటి గుండెల దాకా ఉంది. కుడిచెయ్యి దుప్పటి పైన ఉంది, మణికట్టు దగ్గర తాయెత్తు తీసేసిన తెల్లటి గుర్తు. బొటనవేలు చూపుడువేలుని ఆనుకుని ఉంది, సుద్దముక్క పట్టుకున్నట్టు. ఫొటో తీసినబ్బాయి నీడ గోడ మీద కనబడుతోంది."